‘గాబరా’ను సొంత వాక్యంలో ప్రయోగించండి

ఇరవై రెండేళ్లుగా పిల్లలకు తెలుగు చెబుతున్నాను. కింది పదానికి అర్థం రాసి సొంత వాక్యంలో ప్రయోగించండి అనే ప్రశ్న ఎన్ని పేపర్లలో ఇచ్చానో నాకే గుర్తులేదు. అలాంటిదాన్ని, ఒకే ఒక్క మాటకు అర్థం చెప్పలేక ముప్పావు ఏడాది దవాఖాన చుట్టూ తిరిగాను. ఆ మాట గాబరా.

ఇప్పుడు బాగానే ఉన్నాను. బాగానే ఉన్నానని అనుకుంటున్నాను. ఈ రెండు వాక్యాలకూ తేడా ఉంది, ఆ తేడాలోనే నేను ఇంకా తిరుగుతున్నాను. మా గ్రౌండుకు కొత్తగా ఉరకడానికి వచ్చే ఆడవాళ్లు, నలభై దాటినవాళ్లు మరీను, మొదటి వారంలోనే నన్ను పక్కకు పిలుస్తారు. "మేడం, జర ఉరికితేనే గుండె గాబరా అయితాంది. ఏం గాదా?" అని అడుగుతారు. ఒకామెకు ఏం కాదు ఉరుకు అన్నాను. ఇంకొకామెను ఈ రోజే డాక్టరు దగ్గరికి పొమ్మన్నాను. ఎందుకట్లా చెప్పానో నిలబడి చెప్పాలంటే కుదరదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

జూన్, బడి తెరిచిన రెండో వారం

తొమ్మిదో తరగతిలో సంధులు చెబుతున్నాను. బోర్డు మీద 'అత్వసంధి' అని రాస్తున్నాను, ఇంకా 'ధి' రాయలేదు, లోపల ఎవరో స్విచ్చి వేశారు. కుట్టుమిషనులో బట్ట పెట్టకుండా తొక్కితే సూది ఊరికే టకటకలాడుతుంది చూడండి, అట్లా. ఛాతీలో మొదలై గొంతులో కొడుతోంది. నోరు తెరిస్తే మాట రాలేదు. నాకు మాట రాకపోవడం అనేది మా బడి చరిత్రలోనే లేదు కనుక పిల్లలు కూడా నోరు మూసుకున్నారు.

పది నిమిషాలుందేమో. మళ్లీ అదే స్విచ్చి ఎవరో ఆపేశారు. మిగిలిన 'ధి' రాశాను.

ఆ నెలలో ఇంకో మూడుసార్లు వచ్చింది. గ్యాసు బండ తెచ్చినతనితో గొడవ పడుతున్నప్పుడు ఒకసారి. సరే, తిట్టుకుంటే వస్తుందేమో అనుకున్నాను. తరవాతి సారి చర్చిలో కళ్లు మూసుకుని కూర్చున్నప్పుడు వచ్చింది. ఇంకోసారి బెండకాయలు కోస్తుంటే. బెండకాయల మీద నాకు ఏ కోపమూ లేదు.

మా ఆయన జాకబ్ కాజీపేటలో గూడ్సు బండ్లు నడుపుతాడు, లోకో పైలట్. డ్యూటీ నుంచి వచ్చి టిఫిను డబ్బా కింద పెట్టకముందే చెప్పాను.

"దవాఖాన్ల సూపియ్యరాదు? నాకు చెప్తె నేనేం జేస్త," అన్నాడు.

హన్మకొండలో ఒక ప్రైవేటు దవాఖానకు పోయాను. పేరు అనవసరం, అక్కడి మనుషులు చెడ్డవాళ్లేం కాదు. ముప్పై ఒకటో నంబరు టోకెను. గోడకు మూగ టీవీ. నా పక్క బెంచీలో ఒకావిడ తన బీపీ గురించి చెబుతోంది, ఆమె పక్కన ఇంకొకావిడ వినకుండానే తన షుగరు గురించి చెబుతోంది. నాకేముందో చెబుదామంటే నాకు ఆ క్షణాన ఏమీ లేదు. ఈసీజీ తీశారు. బాగుందన్నారు. నా రోగం అప్పటికి ఇంటికి పోయింది.

డాక్టరు చిన్నవాడు, మర్యాదస్తుడు. వేరే ప్రాంతం నుంచి వచ్చినట్టు మాటలోనే తెలుస్తోంది.

"ఏమవుతోందమ్మా?"

"గాబరా అయితాంది సార్."

"ఎందుకు గాబరా పడుతున్నారు? ఇంట్లో ఏమైనా టెన్షన్లా?"

"నేను పడ్తలేను సార్. అది అయితాంది."

నవ్వాడు. "రెండూ ఒకటేగా అమ్మా."

ఒకటి ఎట్లా అవుతుంది? గాబరా పడేది మనసు. గాబరా అయ్యేది గుండె. పడటం నేను చేసే పని, అవటం నాకు జరిగే పని. మా వరంగల్‌లో చదువు రాని ముసలమ్మ కూడా ఈ రెండూ కలపదు. ఇదంతా ఆయనకు చెప్పాను. గట్టిగానే చెప్పాను. క్రియలు మార్చి రెండు ఉదాహరణలు కూడా ఇచ్చాను. నేను చెబుతున్నకొద్దీ ఆయన ఇంకా ఎక్కువ రాసుకుంటున్నాడు. చివరికి పెన్ను మూసి, మెత్తగా అన్నాడు: "చూశారా, ఎంత టెన్షన్ పడుతున్నారో. నలభై ఏడేళ్ల వయసులో ఆడవాళ్లకు ఇది మామూలే. ఆందోళన. రాత్రి ఒక గోళీ వేసుకోండి. రోజూ నడవండి. వీలైతే మెల్లగా పరుగు మొదలుపెట్టండి, చాలా తేలికవుతుంది."

ఇంటికొచ్చి చీటీ చూపిస్తే మా ఆయన చదివి పక్కన పెట్టాడు.

"డాక్టరుతోని గూడ కొట్లాడినవా?"

"కొట్లాడలే. వ్యాకరణం చెప్పిన."

"గదే," అన్నాడు.

జూలై

మా చర్చిలో ప్రార్థన మనవుల పెట్టె ఉంటుంది. ఎవరికేం కావాలో చీటీ రాసి వేస్తే ఆదివారం పాస్టరమ్మగారు చదివి అందరిచేతా ప్రార్థన చేయిస్తారు. నేను 'సుగుణ, గుండె గాబరా నిమిత్తం' అని రాసి వేశాను. ఆమె కళ్లజోడు సర్దుకుని, చదవడం తేలిక చేద్దామనుకున్నారో ఏమో, "సిస్టర్ సుగుణ గారికున్న భయం తొలగిపోవాలని" అన్నారు.

సగం చర్చి వెనక్కి తిరిగి చూసింది. నాకు భయమా? బిల్డింగు కమిటీని మైకులో నిలదీసిన సుగుణకు భయమా? ఆరాధన అయ్యాక నలుగురు నా చేయి పట్టుకున్నారు. ఒకామె మా ఆయనవైపు ఓరగా చూస్తూ, "ఇంట్ల మంచిగనే ఉన్నదా అక్కా? ఏమన్న ఉంటె చెప్పు, దాచుకోకు," అంది. ఆ వారమంతా నా వాట్సాప్‌ నిండా భయపడకు అనే వచనాలు, పువ్వుల బొమ్మలతో.

మా ఆయన నొచ్చుకున్నాడు. "నన్ను జూసే నీకు భయమని సంఘమంత అనుకుంటాన్రు. ఇరవై మూడేండ్లల ఒక్కనాడన్న నీ మీద గొంతు లేపిన్నా?"

"నీకు సందు దొరికితే కదా గొంతు లేపేది," అన్నాను. ఆయన నవ్వలేదు.

అప్పటి నుంచి ఇంట్లో గాబరా అనడం మానేశాను. వచ్చినప్పుడు లేచి బాత్రూంలోకి పోయి తలుపు వేసుకునేదాన్ని. గోళీలు వేసుకుంటే మొదటి పీరియడు అంతా నిద్ర. నెల తరవాత అవి కూడా మానేశాను. అన్నిటికన్నా కష్టం ఏమిటంటే, అందరూ ఒకే మాట అంటుంటే నాకూ అనుమానం మొదలైంది. నాకు తెలియకుండా నేను నిజంగానే దేనికో భయపడుతున్నానా? దేనికి? కూర్చుని వెతుక్కున్నాను. వెతికితే ఎవరికైనా ఒకటి రెండు దొరుకుతాయి. దొరికాయి కూడా.

సెప్టెంబరు

డాక్టరు చెప్పినవాటిలో మిగిలింది పరుగు. ఇది తప్పని తేల్చాలంటే ముందు చేసి చూడాలి కదా. కాజీపేటలో రైల్వే గ్రౌండులో ఎల్లయ్య సార్ పొద్దున్నే కొత్తవాళ్లకు ఉరకడం నేర్పుతాడని తెలిసింది. సర్కారు బడిలో పీఈటీగా చేసి రిటైరయ్యాడు. ఎండిన తుమ్మకట్టెలా ఉంటాడు, విజిలు మాత్రం మెడలో ఇంకా ఉంది.

బూట్లు కొనుక్కుని వస్తే మా ఆయన పడీపడీ నవ్వాడు. రైల్వేలో బండి నడిపేవాళ్లను రన్నింగ్ స్టాఫ్ అంటారు. "ఇంట్ల ఒక రన్నింగ్ స్టాఫ్ సాలదా?" అన్నాడు.

"నువ్వు రన్నింగ్ స్టాఫ్‌వి అయినంక ఒక్క అడుగన్న ఉరికినవా? కూసోనే కదా ఉరుకుడు," అన్నాను.

ఎల్లయ్య సార్ పద్ధతి ఇది: ఒక నిమిషం ఉరకాలి, రెండు నిమిషాలు నడవాలి. ఎనిమిదిసార్లు. వారం వారం ఉరుకుడు పెంచి నడక తగ్గించాలి. ఆఖరికి అరగంట ఆగకుండా ఉరకాలి. ఒకటే నియమం: పక్కవాళ్లతో మాట్లాడగలిగినంత మెల్లగా ఉరకాలి. మాట ఆగిందంటే జోరు ఎక్కువైనట్టు.

"మాట్లాడుకుంట ఉరకాలె. గీ రూలు దేవుడు మీకోసమే రాసిండు మేడం," అన్నాడు నాతో. ఆయన నా గురించి ముందే విన్నాడన్నమాట.

మొదటిరోజు ఒక్క నిమిషం ఉరికితే నా గుండె చెవుల్లో కొట్టింది. ఆగిపోయాను. ఇదేనా? అదేనా? ఛాతీలో అదే దడ, గొంతులో అదే కొట్టుకోవడం. నాకు ఏది వచ్చిందో నాకు తెలియదు. పక్కన బ్యాంకులో పనిచేసే ఒకమ్మాయి మోకాళ్లు పట్టుకుని నవ్వుతూ రొప్పుతోంది. ఆమెకూ ఇదే అవుతోంది, ఆమె నవ్వుతోంది. అంటే ఇది మామూలు గాబరానా? అయితే క్లాసులో వచ్చింది కూడా మామూలుదేనా? నేను ఉత్తగా డాక్టరుతో కొట్లాడానా?

ఆ నెలంతా ఇదే గోల. ఉరికితే గాబరా. ఉరకకపోయినా గాబరా. ఉరుకుడు తరవాత వచ్చేది ఉరుకుడు వల్ల వచ్చిందో, మామూలుగా రావలసిందే ఆ టైముకు వచ్చిందో. వాక్యంలో కర్త ఎవరో తెలియకపోతే ఆ వాక్యానికి ఎట్లా అర్థం చెబుతాం?

ఒకరోజు ఎల్లయ్య సార్ తన చేతి వాచీ నాకు కట్టాడు. గుండె ఎంత కొట్టుకుంటుందో అందులో కనబడుతుంది. ఇంకా మొదలుపెట్టలేదు, ఒక కాలు గట్టు మీద పెట్టి బూటు లేసు కట్టుకుంటున్నాను. స్విచ్చి పడింది. వాచీ చూశాను. నూట తొంభై ఆరు.

నోట మాట రాక చెయ్యి చాపి ఆయనకు చూపించాను. ఆయన చూశాడు, వాచీని వేలితో రెండుసార్లు కొట్టాడు. "నిలవడ్డ మనిషికి నూట తొంభై ఆరా? బ్యాటరీ ఖరాబైనట్టున్నది," అని విప్పి జేబులో వేసుకున్నాడు.

మర్నాడు ఆ వాచీ ఇంకొకరికి కడితే సరిగ్గానే చూపించింది. నేను చూశాను. వాచీ చెడిపోయిందో నేను చెడిపోయానో తేల్చుకునే ఓపిక అప్పటికి నాకు లేదు.

అక్టోబరు, దసరా సెలవులు

బతుకమ్మ ఆడిన మరునాడు గ్రౌండంతా తొక్కిన తంగేడు, గునుగు పూలు. వాటి మీద ఉరకబుద్ధి కాక ఆ రోజు మానుకుని, మళ్లీ అదే దవాఖానకు పోయాను. ఆ నూట తొంభై ఆరు నన్ను వదలలేదు. డాక్టరు సెలవులో ఉన్నాడు. ఈసీజీ తీసే అమ్మాయి రజిత మాత్రం ఉంది. ధర్మసాగర్ దగ్గర పల్లె ఆమెది. ఛాతీ మీద చల్లటి బిళ్లలు అంటిస్తూ, ఊరికే అడిగినట్టు అడిగింది.

"ఏమైతాందక్కా?"

చెప్పాలా వద్దా అనుకున్నాను. "గాబరా."

"మెల్లగ వస్తదా, ఒక్కపారి పడ్తదా?"

నేను లేవబోయాను, వైర్లు లాగాయి. నాలుగు నెలల్లో ఎవరూ ఈ మాట అడగలేదు. నేను కూడా నన్ను అడుక్కోలేదు.

"ఒక్కపారి. స్విచ్చి ఏసినట్టు."

"పోయేటప్పుడు?"

"గట్లనే. టక్కుమని."

"మా పెద్దమ్మకు గిట్లనే అయ్యేది," అని కాగితం చించి చూసింది. బాగానే ఉంది, ఎప్పటిలాగే. "నేను డాక్టర్ను కాదు, నేను చెప్పద్దు. గని పోయినంక వస్తె కాగితం మీద ఏం పడ్తదక్కా? ఉన్నప్పుడు రావాలె. టోకెన్ గీకెన్ అనకు, సీదా నా దగ్గరికి రా. అడిగితె రజిత రమ్మన్నదని చెప్పు."

ఉరికితే వచ్చే గాబరా మెల్లగా ఎక్కి, మెల్లగా దిగుతుంది. ఇది అట్లా కాదు. ఇంత చిన్న తేడా కనిపెట్టడానికి నేను చదివిన ఎమ్మే తెలుగు పనికిరాలేదు.

ఆ తరవాత రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ ఆటో ఎక్కాను, రెండుసార్లూ దారిలోనే పోయింది. రెండోసారి రజిత గది గుమ్మంలో నిలబడి ఏడ్చేశాను.

"పోయిందా? పోనీ. మళ్ల రా," అంది, నేనేదో పాలు తీసుకోవడానికి వచ్చినట్టు.

డిసెంబరు

అప్పటికి ఆరు నిమిషాలు ఆగకుండా ఉరుకుతున్నాను. పొద్దున చలి. మూడో రౌండు ముందు నడుస్తూ బ్యాంకు అమ్మాయితో డీఏ గురించి వాదిస్తున్నాను. వాక్యం మధ్యలో మాట తెగిపోయింది.

ఎల్లయ్య సార్ దూరం నుంచి అరిచాడు. "ఏంది మేడం, చప్పుడు లేదు? అలిగిన్లా?"

చెయ్యి ఊపి గేటువైపు నడిచాను. మా ఆయన బండిలో ఎక్కడో ఉన్నాడు, ఫోను కలవదు. గేటు దగ్గర ఆటో ఉంది. ఎక్కి దవాఖాన పేరు చెప్పి, వేళ్లు గొంతు మీద పెట్టుకుని కూర్చున్నాను. కొడుతోంది. టకటకటక.

ఆ ఆటోలో చేసిన ప్రార్థన నేను చర్చిలో ఎన్నడూ సాక్ష్యంగా చెప్పలేను. ప్రభువా, దీన్ని తీసెయ్యకు. ఇన్ని నెలలు తీసెయ్యమని అడిగాను, అది వాపసు తీసుకుంటున్నాను. ఒక్క పావుగంట ఉండనియ్యి. ఈసారి కూడా పోయిందంటే నేను ఇక రజిత దగ్గరికి కూడా పోలేను. నేను జీవితాంతం భయమున్న సుగుణగానే ఉండిపోతాను.

ముందర స్పీడు బ్రేకరు కనబడింది. గొంతు పెగల్చుకుని, "అన్నా, మెల్లగ... కుదిపితే పోతది," అన్నాను.

"ఏం పోతదమ్మా?"

"నా రోగం."

అద్దంలో నన్ను ఒకసారి చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, పాటలు ఆపేశాడు. ఆ స్పీడు బ్రేకరును, తరవాతి రెండింటినీ గాజు సామాను మోస్తున్నట్టు దాటించాడు. దిగేటప్పుడు "ఉన్నదా అమ్మా?" అని అడిగాడు. ఉందని తలూపాను. "అయితె మంచిదే," అన్నాడు పాపం, ఏం అర్థమైందో.

టోకెను కిటికీ దాటి సీదా పోయాను. ఎవరో మేడం మేడం అన్నారు. రజిత నా ముఖం చూసి ఇంకేం అడగలేదు, పడుకున్న మనిషిని లేపి నన్ను పడుకోబెట్టింది. లేచినాయన గొణిగాడు. మిషను నుంచి కాగితం రావడం మొదలైంది. మామూలుగా దూరందూరంగా ఉండే గీతలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తున్నాయి.

"దొరికిందక్కా!" అని అరిచింది రజిత, ఇంట్లో దూరిన దొంగను పట్టుకున్నట్టు. "దొరికింది! కదలకు!"

డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. కాగితం చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ కాగితం చూశాడు. ఏదో సూది వేశారు. రెండు క్షణాలు నేను చచ్చిపోయాననే అనుకున్నాను, ఆ తరవాత లోపల అంతా నిశ్శబ్దం. ఆయన స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. "ఇది ఆందోళన కాదమ్మా. మీరు చెప్పింది నేను సరిగ్గా వినలేదు," అన్నాడు.

ఈ రోజు కోసం నా దగ్గర కనీసం పది వాక్యాలు సిద్ధంగా ఉన్నాయి, పదునుపెట్టి మరీ దాచుకున్నవి. ఒక్కటీ బయటికి రాలేదు. ఆయన ముఖం చూస్తే ఇంకా పిల్లవాడిలాగే ఉన్నాడు.

ఫిబ్రవరి

హైదరాబాద్‌కు రాశారు. తొడ దగ్గర నరంలోంచి వైరు పంపి, గుండెలో కరెంటు దారి తప్పుతున్న చోట కాలుస్తారని బొమ్మ గీసి చెప్పారు. నాకు సగమే అర్థమైంది. మా ఆయనకు మాత్రం పూర్తిగా అర్థమైంది. నెలల తరబడి నా మాట ఎక్కనిది ఆ ఒక్క బొమ్మ చూడగానే ఎక్కింది.

"బండి మెయిన్ లైన్‌కు రాక లూప్ లైన్ల పడి గిరగిర తిరుగుతాందే నీకు. పట్టాలు మారే గా పాయింటు మూసేస్తరు. గంతే." ఆ బొమ్మను మడిచి జేబులో పెట్టుకుంటూ, "పాయింటు ఖరాబైతె డ్రైవరుకు భయమని రాసిన్రు," అన్నాడు. అది ఆయన క్షమాపణ. అంతకన్నా నేను అడగలేదు.

కాజీపేటలో రైలెక్కాం. ప్యాసింజరుగా కూర్చోవడం ఆయనకు చేతకాదు. దారి పొడుగునా సిగ్నల్ సిగ్నల్‌కూ కిటికీలోంచి తొంగిచూశాడు. దవాఖానలో సంతకం పెట్టమని కాగితం ఇస్తే మాత్రం పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. యాభై వ్యాగన్ల బండిని ఆపే చెయ్యి అది, పేరులో మొదటి అక్షరానికే కాగితాన్ని పక్కకు జరిపేసింది. ఎదురు బెంచీలో ఎవరో ఎరగని ముసలాయన లేచి వచ్చి కాగితం కదలకుండా అంచు పట్టుకున్నాడు.

లోపల నేను మెలకువగానే ఉన్నాను. అక్కడి డాక్టరమ్మ మాస్కు వెనక నుంచి, "మీరు దాన్ని ఏమంటారమ్మా?" అని అడిగింది.

"మేం గాబరా అంటం."

"సరే. ఇప్పుడు మేమే ఆ గాబరా తెప్పిస్తాం. వచ్చింది అదేనా కాదా మీరే చెప్పాలి. మీరు చెబితేనే మేం ముందుకెళ్తాం."

స్విచ్చి పడింది. సూది టకటకలాడింది.

"ఇదేనా?"

"ఇదే," అన్నాను. "గిదే, మేడం." కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారిపోయాయి. నొప్పికి అనుకుని సిస్టరు తుడిచింది.

మార్చి నుంచి

ఇక్కడ అయిపోయిందని రాస్తే బాగుంటుంది. పాస్టరమ్మగారు సాక్ష్యం చెప్పమన్నారు, చర్చిలో నిలబడి ఇక్కడిదాకానే చెప్పాను. మనవి రాసింది భయం గురించి కాదని కూడా చెప్పాను, మైకులోనే. ఆమె నవ్వి, మరుసటి వారం నుంచి చీటీలు ఉన్నవి ఉన్నట్టే చదువుతున్నారు.

కానీ గ్రౌండులో కథ వేరు. ఉరకొచ్చు అన్నారు డాక్టర్లు. మళ్లీ ఒక నిమిషం ఉరుకుడు, రెండు నిమిషాల నడక. గుండె కాస్త ఎక్కగానే నేను ఆగిపోతాను. వేళ్లు గొంతు మీదికి వాటంతటవే పోతాయి. అప్పుడప్పుడు ఒక దెబ్బ తప్పి పడుతుంది, అది మామూలేనని ముందే చెప్పారు, అయినా ఒళ్లు చల్లబడుతుంది. రోగం ఉన్నప్పుడు ఆరు నిమిషాలు ఉరికినదాన్ని, పోయాక రెండు నిమిషాలు ఉరకలేకపోయాను. దీనికి ఏం పేరు పెట్టాలో నాకు తెలియలేదు.

ఏప్రిల్‌లో హన్మకొండ డాక్టరు దగ్గరికి నేనే పోయాను. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి సార్. అప్పుడు గాబరా అయితాంది అన్న. ఇప్పుడు అయితలేదు. ఇప్పుడు పడ్తాన్న."

ఆయన పెన్ను తీసి, ఆపి, "పడుతున్నారు," అని మెల్లగా అన్నాడు, పాఠం అప్పజెప్పినట్టు.

"ఆఁ. మీరు రాసిన రోగం లేటుగ వచ్చింది."

ఇద్దరం నవ్వాం. గోళీ రాయలేదు. కొన్నాళ్లు పడతారమ్మా, పడుతూనే ఉరకండి, అన్నాడు. ఈసారి వాదించలేదు. కొంచెమే వాదించాను.

మళ్లీ జూన్

ఎనిమిదో తరగతి పిల్లల నోటుబుక్కులు దిద్దుతున్నాను. 'మా ఇంటి పెద్దలు' మీద వ్యాసం. అఖిల అనే పిల్ల రాసింది: 'మా నానమ్మకు గాబరా అయితే కూర్చుంటది.' నా ఎర్ర పెన్ను గాబరాను కొట్టేసి పైన 'ఆందోళన' అని రాసేసింది. రాశాక చూసుకున్నాను.

ఇరవై రెండేళ్లు. ఎంతమంది పిల్లల గాబరాను కొట్టేసి ఆందోళన అని రాశానో. పుస్తకాల భాష రావాలని. మార్కులు పోవద్దని. ఆ డాక్టరు చేసింది కూడా అంతే కదా, నా మాట దిద్దాడు. ఆయన మీద ఆరు నెలలు పళ్లు నూరాను. నేను ఎవరిమీద నూరుకోవాలి?

అఖిలను పిలిచాను. తిడతానని బిక్కుబిక్కుమంటూ వచ్చింది.

"మీ నానమ్మకు గాబరా మెల్లగ వస్తదా, ఒక్కపారి పడ్తదా?"

"తెల్వది మేడం. అడిగొస్త."

మర్నాడు చెప్పింది: "మెల్లగనే అట మేడం. మెట్లెక్కితె అయితదట."

మెల్లగ వచ్చినా ముసలామెకు మెట్ల మీద వస్తే చూపించాలి, ఈ వారమే చూపించమని మీ నాన్నకు చెప్పు అన్నాను. ఇంటికి ఫోను చేసి మళ్లీ చెప్పాను. వాళ్లు విసుక్కున్నారు. విసుక్కోనీ. ఆ నోటుబుక్కులో ఆందోళనను కొట్టేసి, పక్కన మళ్లీ గాబరా అని రాసి ఇచ్చాను. ఆ పేజీ చూసినవాళ్లు టీచరుకే తెలుగు రాదనుకుంటారు.

ఆగస్టు, పోయిన ఆదివారం

మా బ్యాచికి అరగంట పరుగు. ఎల్లయ్య సార్ గ్రౌండులో వద్దని ధర్మసాగర్ చెరువు కట్ట మీద పెట్టాడు. ఆరాధన పది గంటలకు కనుక మా ఆయన పొద్దున్నే బండి మీద దింపి, అవతలి చివర నీళ్ల సీసా పట్టుకుని నిలబడ్డాడు. పక్కన నిండా నీళ్లు, గాలి ఎదురుగా కొడుతోంది.

అప్పటిదాకా నా రికార్డు పద్దెనిమిది నిమిషాలు. ప్రతిసారీ అక్కడే, వేళ్లు గొంతుకు పోయి, ఆగిపోయాను. ఈ రోజు కూడా ఆగితే ఇక ఉరకడం మానేస్తానని ఇంట్లో చెప్పి వచ్చాను. ఒట్టి బెదిరింపు కాదు. ప్రతి పొద్దున ఈ పరీక్ష రాయడం నావల్ల కావట్లేదు.

పదహారు నిమిషాలు ఎల్లయ్య సార్‌తో వాదిస్తూ ఉరికాను. సర్కారు బడుల్లో పీఈటీ పీరియడు లెక్కల సార్లు కాజేయడం గురించి. ఆ విషయంలో ఇద్దరిదీ ఒకటే మాట, అయినా వాదించాం. పద్దెనిమిదో నిమిషంలో గుండె చెవుల్లోకి వచ్చింది. నా మాట ఆగిపోయింది. చెయ్యి లేచింది.

"ఏంది మేడం, చప్పుడు లేదు?" ఈసారి అలిగిన్లా అని అడగలేదు. డిసెంబరు ఆయనకూ గుర్తుంది. వాచీ మీద వేలితో కొట్టిన సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ముఖం పక్కకు తిప్పుకుంటాడు. "గాబరనా? ఆగుదమా?"

గుండెను విన్నాను. ఎప్పుడు మొదలైంది ఇది? ఇప్పుడా? కాదు, ఇందాక లెక్కల సారును తిట్టినప్పుడే కొంచెం ఉంది. అంతకుముందు తూము దాటేటప్పుడు కూడా ఉంది, ఇంకొంచెం తక్కువగా. కట్ట ఎక్కిన దగ్గరి నుంచీ నాతోనే ఉంది. నిజంగా అదేనా, నాకు నేను సర్దిచెప్పుకుంటున్నానా? తెలియదు. వంద శాతం ఇప్పటికీ తెలియదు. దూరంగా మా ఆయన, సీసా పైకెత్తి పచ్చజెండాలా ఊపుతున్నాడు.

"మేడం?"

చెయ్యి గొంతు దాకా పోకుండానే దించాను.

"గాబరే సార్," అన్నాను, ఒక్కో మాటకు ఒక్కో అడుగు వేస్తూ. "మెల్లగ వచ్చింది."